గంటకు ఇరవై నిమిషాల హక్

పోయిన నవంబర్‌లో ఒక రాత్రి పదిన్నరకి ఆపా ఫోన్ చేసింది. ఆ టైములో ఇంటి నుంచి ఫోన్ వస్తే నాకు ముందు అమ్మీ గుర్తొస్తుంది. "అమ్మీ బాగానే ఉంది మున్నా, పిల్లే ఏడుస్తాంది. రేపు ఇమ్తిహాన్‌కు పోనంటాంది" అంది.

పిల్ల అంటే మా భాంజీ. బీఏ రెండో సంవత్సరం. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్, సెకండ్ లాంగ్వేజ్ ఉర్దూ. తెల్లారితే మూడో సెమిస్టర్ పరీక్షలు మొదలు. తనకు చూపు తక్కువ. రాసిపెట్టే మనిషిని ఇవ్వమని, అది కాకపోతే కాస్త ఎక్కువ టైమన్నా ఇవ్వమని వారం కిందటే కాలేజీలో అడిగింది. నోటిమాటగా అడిగింది. "చూద్దాం లేమ్మా" అన్నారట. ఆ సాయంత్రం మాత్రం "యూనివర్సిటీ లెటర్ లేకుండా కుదరదు" అని తేల్చేశారట.

పొద్దున్నే నేను పోయాను. జేబులో ప్రెస్ కార్డు, మనసులో కాస్త ఘమండ్. పరీక్షల బాధ్యత చూసే సార్ చాలా మర్యాదస్తుడు. కూర్చోబెట్టారు, చాయ్ తెప్పించారు. "అమ్మాయికి కనిపిస్తుంది సార్. నిన్న వరండాలో ఫోన్ చూసుకుంటా ఉంది, నా కళ్లతో నేనే చూసినా. ఒకరికి ఇస్తే రేపు పదిమంది వచ్చి నిలబడతారు" అన్నారు. నా ముఖం చూసి గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అన్నారు: "మన అమ్మాయే కదా, ఇంటర్నల్ మార్కుల్లో మనమే చూసుకుందాం లెండి."

షర్మ్‌తోనే చెప్తున్నాను, ఒక్క క్షణం ఆ మాట నాకు తియ్యగా వినిపించింది. పని అయిపోయింది అనుకున్నాను. బయటికొచ్చాకే అర్థమైంది, ఆయన నా భాంజీకి రావాల్సింది ఎగ్గొట్టి, రాకూడనిది చేతిలో పెడుతున్నాడని. హక్ అడిగితే ఖైరాత్ ఇస్తున్నాడు. నేనేమో షుక్రియా చెప్పి వస్తున్నాను.

తను లోపలికెళ్లి మూడు గంటలూ ఒక్కతే కూర్చుని రాసింది. మిగతావి ఎలాగో గట్టెక్కింది. హిస్టరీలో రెండు పెద్ద ప్రశ్నలు వదిలేసింది, ఆరు మార్కులతో ఫెయిలైంది. ఇంట్లో ఆ సబ్జెక్టే తనకు జాన్. అసఫ్‌జాహీల వంశవృక్షం నిద్రలో లేపి అడిగినా చెప్తుంది.

కాలేజీ వాళ్లను తిట్టే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. లేకపోతే ఈ రాతలో ఇన్సాఫ్ ఉండదు.

తనకున్నది రెటినైటిస్ పిగ్మెంటోసా. చూపు అంచుల నుంచి లోపలికి కరుగుతూ వచ్చే జబ్బు. మొదట రేచీకటి. మగ్రిబ్ తర్వాత వీధిలో నడిస్తే తనకు గోడ కూడా తెలిసేది కాదు. తర్వాత పక్కల నుంచి వచ్చే మనుషులు కనిపించడం మానేస్తారు. మధ్యలో ఒక చిన్న గుండ్రటి కిటికీ మిగులుతుంది. ఆ కిటికీలో పడినంత వరకు అక్షరం స్పష్టంగానే ఉంటుంది. అందుకే ఫోన్ చూడగలదు. వెలుతురు ఫోన్‌లోనే ఉంది, అక్షరం పెద్దది చేసుకోవచ్చు, లైను చిన్నది. అదే మనిషికి పరీక్ష హాలు మసక వెలుతురులో ఒక పొడుగు కాగితం ఇస్తే, లైను చివరిదాకా పోయిన చూపు మళ్లీ తర్వాతి లైను మొదలు ఎక్కడుందో వెతుక్కోవాలి. ప్రశ్న నంబరు ఇంకో కాగితంలో ఉంటుంది. అది వెతికి వచ్చేసరికి ఇక్కడ తను రాస్తున్న చోటు పోతుంది. నేను ఒకసారి పేపర్‌ను గొట్టంలా చుట్టి కంటికి పెట్టుకుని, ఇంకో కన్ను మూసుకుని ఒక పేజీ రాసి చూశాను. అరపేజీకే మెడ పట్టేసింది. మీరూ చేసి చూడండి. ఆ సార్‌ను కూడా అలా కూర్చోబెట్టాలని ఉంది నాకు.

ఈ జబ్బు సంగతి మాకు తను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే తెలుసు. కంటి డాక్టరు రాసిచ్చిన కాగితం చదివాం, మడిచాం, బీరువాలో చీరల కింద పెట్టాం. ఆపా, దుల్హాభాయ్ ఫుప్పీ బిడ్డలు, మామూ బిడ్డలు. డాక్టరు మొదట అడిగింది కూడా అదే, దగ్గరి సంబంధమా అని. ఆ ప్రశ్నకు ఆపా తల దించుకుంది, అప్పట్నుంచి ఎత్తలేదు. సదరం క్యాంపుకు తీసుకెళ్దామని ఎవరో అంటే "సనద్ చేతికొస్తే రిష్తా ఎట్లా వస్తుంది?" అంది. "అభీ నక్కో, తర్వాత చూద్దాం" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. జర్నలిస్టుని, అందరి ఇళ్ల గుట్టూ రాసేవాణ్ని. నా భాంజీ దగ్గరికి వచ్చేసరికి గుట్టు కాపాడాను.

అలా ఐదేళ్లు దాచాం. దాచిన ఐదేళ్లలో పిల్ల పక్కనున్న ఫ్రెండు చెయ్యి పట్టుకుని నడవడం, బోర్డు మీదిది వినికిడితో పట్టుకోవడం, పడిపోతే చెప్పు తెగిందని అబద్ధం చెప్పడం నేర్చుకుంది. కాగితం మీద మాత్రం తనకేమీ లేదు. కాగితం మీద లేనిదాన్ని కాలేజీ నమ్మలేదు. వాళ్ల తప్పు ఎంతో, మా తప్పు అంతకు తక్కువేం కాదు.

ఇక కానూన్ ఏం చెప్తుందో చూద్దాం. ఫెయిలయ్యాకే నేను కూర్చుని చదివాను. ముందే చదవాల్సింది.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వం ఇప్పుడు దివ్యాంగులు అంటోంది, మా భాంజీకి ఆ మాట నచ్చదు. "నాలో దివ్యం ఏముంది మామూ, నాకు లైను కనపడదు, అంతే" అంటుంది. ఆ చట్టంలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఎవరికి ఏ సర్దుబాటు అవసరమో అది చేయకపోవడాన్ని కూడా అది వివక్షగానే లెక్కిస్తుంది. అంటే తిట్టనక్కర్లేదు, గెంటనక్కర్లేదు, "కుదరదమ్మా" అని చిరునవ్వుతో చెప్పినా అది వివక్షే. మోయలేనంత భారమైతే తప్ప తప్పించుకునే దారి లేదు. ఒక ఖాళీ గది, ఒక ఇన్విజిలేటర్, ఒక గంట కరెంటు ఏ కాలేజీకి మోయలేనంత భారమో నాకైతే తెలియదు. 17వ సెక్షన్ పరీక్షల్లో ఎక్కువ టైము, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు అని పేరు పెట్టి మరీ చెప్తుంది. ఈ చివరిది వినికిడి లేని పిల్లల తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలి. తెలుగు, ఇంగ్లిష్, మధ్యలో ఇంకో భాష మోయలేక చదువే మానేసిన పిల్లలు మన మహల్లాల్లో ఉన్నారు.

2018 ఆగస్టు 29న కేంద్ర వికలాంగుల సాధికారత శాఖ రాత పరీక్షల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. రాసిపెట్టే మనిషి సాయం తీసుకునేవాళ్లకు గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా ఇవ్వాలంది. మూడు గంటల పరీక్షకు గంట. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉండి, ఎవరి సాయమూ వద్దు నేనే రాసుకుంటాను అన్నవాళ్లకు కూడా మూడు గంటల పరీక్షకు కనీసం గంట ఎక్కువ. దాన్ని "అదనపు టైము" అని పిలవొద్దని కూడా అందులో ఉంది. పరిహార సమయం అనాలట. మొదట నాకు అది సర్కారీ చాదస్తం అనిపించింది. తర్వాత ఆలోచిస్తే అసలు గుట్టు ఆ మాటలోనే ఉంది. అదనం అంటే పక్కవాడి కంటే ఎక్కువ ఇచ్చినట్టు. పరిహారం అంటే పోయినదాన్ని తిరిగి ఇచ్చినట్టు. నోటితో చెప్పి రాయించాలంటే వాక్యం మొత్తం ముందు తలలో కట్టుకోవాలి, చెప్పాలి, ఆ అమ్మాయి రాసేదాకా ఆగాలి, "మళ్లీ చదువు" అనాలి, పేరు తప్పు రాస్తే అక్షరం అక్షరం చెప్పాలి. నిజాముల్ ముల్క్ అని ఒకసారి చెప్పి రాయించి చూడండి. ఆ 20 నిమిషాలు అక్కడే ఖర్చవుతాయి, బోనస్‌గా ఎవరి జేబులోకీ పోవు.

రాసేది ఒకరు, మార్కులు ఇంకొకరివి ఎట్లా అవుతాయి అని అడిగే ఉస్తాదులున్నారు. మన ఉర్దూవాళ్లకు ఈ ప్రశ్న రాకూడదు. స్క్రైబ్ అంటే మన కాతిబే కదా! నేను ఉర్దూ మీడియం బడిలో చదివిన రోజుల్లో మా ఇంటికొచ్చే అఖ్బార్ కాతిబ్‌ల చేతిరాతే. చెన్నైలో 1927లో మొదలైన ముసల్మాన్ పత్రికను ఈ శతాబ్దంలో కూడా కాతిబ్‌లే చేత్తో రాశారు. షాయర్ చెప్తాడు, కాతిబ్ రాస్తాడు. గజల్ కాతిబ్‌దని ఏ ముషాయిరాలోనైనా ఎవరైనా అన్నారా?

దుర్వినియోగం లేదని నేననను. స్క్రైబ్ పేరుతో బాగా చదివినోణ్ని కూర్చోబెట్టి రాయించుకున్న సంగతులు ఒక విలేకరిగా నేనే విన్నాను. దానికి మందు కూడా అదే మార్గదర్శకాల్లో ఉంది. పిల్లలు తమ స్క్రైబ్‌ను తామే తెచ్చుకుంటే ఆ మనిషి చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు కిందే ఉండాలని 2018లో అందులో పెట్టారు. డిగ్రీ పిల్లకు ఇంటర్ పిల్ల. గదిలో ఇన్విజిలేటర్ ఎటూ ఉంటాడు. దొంగ ఒకడున్నాడని ఊరందరికీ నీళ్లు బంద్ చేయం కదా.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, తెలియక చాలామంది ఇరుక్కుంటారు. 2018 మార్గదర్శకాల ప్రకారం పూర్తిగా చూపు లేనివాళ్లకు, రెండు చేతులూ పనిచేయనివాళ్లకు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు అడిగితే చాలు, స్క్రైబ్ ఇవ్వాల్సి ఉండేది. మా భాంజీలా చూపు కొంత ఉన్నవాళ్లు, ఇతర వైకల్యాలున్నవాళ్లు "ఈమెకు రాయడం కష్టం, స్క్రైబ్ తప్పనిసరి" అని సర్కారీ ఆస్పత్రి పెద్ద డాక్టరు దగ్గర నిర్ణీత నమూనాలో విడిగా రాయించుకోవాల్సి ఉండేది. వైకల్యం సర్టిఫికెట్ ఒక్కటే చాలేది కాదు. మేం రెండింటి కోసమూ తిరిగాం. డిసెంబర్‌లో క్యాంపుకు పోతే, చార్టు చదివించి "అక్షరాలు చదువుతోందిగా" అని 30 శాతం రాసిచ్చారు. చుట్టూ ఎంత మేర కనిపిస్తుందో చూసే ఫీల్డ్ టెస్ట్ అసలు చేయలేదు. చట్టంలో చూపు తక్కువ అన్నదానికి రెండు కొలతలున్నాయి, ఎంత దూరం కనిపిస్తుంది, ఎంత వెడల్పు కనిపిస్తుంది. రెండోదాన్ని చూడమని దరఖాస్తు పెట్టి మళ్లీ పోయాం. ఫిబ్రవరికి గానీ 40 దాటలేదు. పిల్ల చూపు ఆ రెండు నెలల్లో తగ్గలేదండీ, డాక్టర్లు చూసే తీరు మారింది, అంతే.

40 శాతం రానివాళ్లు ఏం చేయాలి? చాలాకాలం వాళ్లకు తలుపు మూసే ఉండేది. వికాస్ కుమార్ అనే యువకుడు చేతికి రాతపట్టు వచ్చే జబ్బుతో సివిల్స్‌కు స్క్రైబ్ అడిగితే యూపీఎస్సీ కాదంది. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, 40 శాతం అనేది రిజర్వేషన్‌కు గీత గానీ రాసిపెట్టే మనిషికి గీత కాదని చెప్పింది. రాయడం కష్టమైతే చాలు. దాని మీదే 2022 ఆగస్టులో 40కి తక్కువ ఉన్నవాళ్లకు విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో కోర్టు అదే దారిని ఇంకాస్త వెడల్పు చేసింది. కాబట్టి 30 శాతం కాగితం పట్టుకుని "మనకు రాదులే" అని ఇంటికి పోకండి.

అదే 2021లో ఇంకో తీర్పు వచ్చింది, దాన్ని చదివితే నాకు నిద్ర పట్టలేదు. రాతలో ఇబ్బంది ఉన్న ఒక అమ్మాయికి నీట్ పరీక్షలో రావాల్సిన గంట ఇవ్వలేదు. పేపర్ లాగేసుకున్నారు. సుప్రీంకోర్టు దాకా పోయింది. తప్పు జరిగిందని కోర్టు ఒప్పుకుంది, ఏం సర్దుబాటు చేస్తారో ఆలోచించమని పరీక్ష పెట్టినవాళ్లకు చెప్పింది. మళ్లీ పరీక్ష మాత్రం పెట్టించలేదు. పోయిన గంటను ఏ కోర్టూ తెచ్చివ్వలేదు. అందుకే నేను కోర్టుల గురించి తక్కువ, కాలేజీ తెరిచే మొదటి నెల గురించి ఎక్కువ మాట్లాడతాను.

అడ్మిషన్ అయిన వారంలోనే కాగితం మీద అడగండి. నోటిమాట గాలికి పోతుంది, మాదీ పోయింది. ప్రిన్సిపాల్‌కు ఒకటి, యూనివర్సిటీ పరీక్షల కంట్రోలర్‌కు ఒకటి, రెండు నకళ్లు తీసుకుని మీ నకలు మీద తారీఖు వేయించి ముద్ర కొట్టించుకోండి. దరఖాస్తు, నకలు, తారీఖు, మంజూరు, రసీదు, ఫిర్యాదు… చూశారా, ఈ దేశంలో ఆఫీసు భాషంతా మన ఇంటి మాటలే. ఆఫీసు గడప తొక్కాలంటే మాత్రం మనకే కాళ్లు వణుకుతాయి. ఏం కావాలో రాసేటప్పుడు తల్లి కాదు, తండ్రి కాదు, పిల్లే చెప్పాలి. ఆపా స్క్రైబ్ కావాలి అని రాయించింది. పిల్లను అడిగితే, ఎకనామిక్స్‌కు స్క్రైబ్ వద్దు, గ్రాఫులు తనే గీసుకుంటుందట, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, బల్ల మీద ఒక దీపం, గంట టైము ఇస్తే చాలట. హిస్టరీకి, ఉర్దూకి మాత్రం స్క్రైబ్ కావాలి. ఇరవై ఏళ్ల పిల్ల ఇంత వివరంగా చెప్పగలదని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఎవరమూ అడగలేదు. కాలేజీ జవాబివ్వకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఆ ఆఫీసుకు సివిల్ కోర్టుకున్నట్టు పిలిపించి అడిగే అధికారం ఉంది.

ఉర్దూ పేపర్ దగ్గర మాకు అసలు ముసీబత్ వచ్చింది. ఇంటర్ చదివే పిల్ల కావాలి, ఉర్దూ చేతిరాత రావాలి. ఇప్పటి పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, రాయమంటే ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు. ఒక్కో పేపర్‌కు, ముఖ్యంగా భాషలకు, వేరే వేరే స్క్రైబ్‌ను పెట్టుకోవచ్చని 2018 మార్గదర్శకాల్లో ఉంది, అది మమ్మల్ని కాపాడింది. చివరికి ఉర్దూ జూనియర్ కాలేజీలో ఒక పిల్ల దొరికింది, ఆటో నడిపే ఆయన కూతురు, ముత్యాల్లాంటి రాత. రోజు పోతుందని వాళ్లమ్మ వెనకాడితే ఆపా స్వయంగా పోయి బతిమాలింది.

మన జమాత్ పెద్దలకు ఒక మాట చెప్పాలని ఉంది. రంజాన్‌లో మూడు చక్రాల బండ్లు పంచుతారు, ఫోటో తీస్తారు, ఆ ఫోటోలు మా పేపర్‌కే పంపిస్తారు, మేమూ వేస్తాం. మంచిదే. దాంతోపాటు ఉర్దూ రాయగల, తెలుగు రాయగల ఇంటర్ పిల్లల పేర్లు ఒక రిజిస్టర్‌లో రాసిపెట్టుకుంటే, ఏ పిల్లకు అవసరమైతే ఆ పిల్లకు పంపితే, దానికి రూపాయి ఖర్చు లేదు. ఫోటో కూడా ఉండదు, అదే ఇబ్బందేమో.

చూపు లేనివాళ్లంటే మనకు ముందు హిఫ్జ్ గుర్తొస్తుంది. మా బడిలో నాతోపాటు ఒకడుండేవాడు, ముందు బెంచీలో కూర్చున్నా బోర్డు కనిపించేది కాదు. ఒకసారి వింటే పాఠం మొత్తం అప్పజెప్పేవాడు. ఎనిమిదో తరగతిలో ఉస్తాద్ వాళ్ల అబ్బాను పిలిచి "బేచారా, ఇసే హాఫిజ్ బనాదో" అన్నారు. వాడు లెక్కలు కావాలని ఏడ్చాడు. హిఫ్జ్ గొప్పదే, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. కానీ వాడేం కావాలనుకుంటున్నాడో ఎవరూ అడగలేదు. అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ పేరు మన మౌల్వీలు ప్రతి బయాన్‌లో చెప్తారు. ఆయన చూపు లేని మనిషి, ఏదో నేర్చుకుందామని అడగడానికే వచ్చాడు. ఆ అడగడం గురించి బయాన్‌లలో తక్కువ వింటాను.

పరీక్ష సంగతి ఇలా ఉంటే, పరీక్షకు ముందు చదవాల్సిన పుస్తకాల సంగతి ఇంకా ఘోరం. ఇందులో నా చేతులకూ మసి ఉంది. తన ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఉంది, అన్న పాత ల్యాప్‌టాప్‌లో ఎన్వీడీఏ ఉంది. రెండూ ఉచితం, తెలుగు కూడా చదివి వినిపిస్తాయి. లెక్చరర్లు వాట్సాప్‌లో పంపే తెలుగు నోట్స్ తెరిస్తే మాత్రం అది "కకబ యస్ డాలర్ డాట్" అని ఏదో పిచ్చి వాగుడు వాగుతుంది. ఎందుకో నాకు వెంటనే తెలిసింది. ఆ నోట్స్ అను ఫాంట్లలో టైపు చేసినవి. మేం పత్రికల్లో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అవే వాడాం. కంటికి తెలుగులా కనిపిస్తుంది, లోపల యంత్రానికి అది తెలుగు కాదు, ఇంగ్లిష్ గుర్తుల కుప్ప. పాత ఇన్‌పేజ్‌లో చేసిన ఉర్దూ నోట్స్‌దీ అదే గతి. మిగతావి జిరాక్స్ కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పంపినవి. అందులో అక్షరమే లేదు, అక్షరం బొమ్మ ఉంది. అదే పాఠాన్ని యూనికోడ్‌లో టైపు చేసి పంపితే మా పిల్ల చేతిపని చేసుకుంటూ కూడా చదువుకుంటుంది. లెక్చరర్‌కు ఒక్క రూపాయి నష్టం లేదు. కాపీరైట్ భయం కూడా అక్కర్లేదు. చదవలేనివాళ్ల కోసం పుస్తకాన్ని వేరే రూపంలోకి మార్చుకోవచ్చని 2012లోనే చట్టం మార్చారు. దీని మీదే వచ్చిన మర్రాకేష్ ఒడంబడికను 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. ఆ సంగతి మన కాలేజీల స్టాఫ్ రూముల దాకా ఇంకా రాలేదు.

నా వృత్తి పాపం ఇంకొకటుంది. చాలా ఏళ్ల కిందట, నేను కొత్తగా చేరినప్పుడు, చూపు లేకుండా డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైన ఒక కుర్రాడి మీద "చీకటిని గెలిచాడు" అని పెద్ద కథనం రాశాను. డెస్కులో అందరూ మెచ్చుకున్నారు. ఆరు సెమిస్టర్లు స్క్రైబ్ ఎలా దొరికాడు, ఎవరు ఇవ్వనన్నారు, పుస్తకాలు ఎవరు చదివి వినిపించారు, ఇవేవీ నేనడగలేదు. ఆ కుర్రాడు చెప్పబోయాడు కూడా. నేను "మీ అమ్మ గురించి చెప్పు" అన్నాను. కన్నీళ్లు కావాలి నాకు. మచిలీపట్నం దగ్గరి శ్రీకాంత్ బొల్లా గురించి కూడా మనం అలాగే చెప్పుకుంటాం. సినిమా కూడా వచ్చింది 2024లో. పదో తరగతి తర్వాత సైన్స్ తీసుకోవడానికి ఆయన కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చిందనీ, ఇక్కడి ఐఐటీ కోచింగ్‌లు చేర్చుకోకపోతేనే అమెరికాలో ఎంఐటీకి పోయాడనీ వింటే నాకు గర్వం కంటే ముందు కోపం వస్తుంది. ఒక శ్రీకాంత్ పోట్లాడి గెలిచాడు సరే. పోట్లాడే ఓపిక లేక ఇంటర్‌లోనే ఆగిపోయినవాళ్ల మీద ఎవరు సినిమా తీస్తారు? మా భాంజీ హీరో కానక్కర్లేదు. మామూలుగా చదివి, మామూలుగా పాసై, కావాలంటే మామూలుగా ఫెయిలయ్యే హక్ కూడా తనకుండాలి. చదవకపోతే ఫెయిలవ్వాలి గానీ లైను కనపడక కాదు.

ఏప్రిల్‌లో ఈసారి కాగితాలన్నీ ముందే పెట్టాం. పరీక్షల సార్ మళ్లీ చాయ్ తెప్పించారు. ఫైలు తిరగేసి, "ముందే ఇట్లా ఇచ్చుంటే మేం కాదనేవాళ్లమా సార్" అన్నారు. కోపం వచ్చింది, మాట్లాడలేదు. ఆయన మాటలో సగం నిజముంది, ఆ సగం మా బీరువాలో ఉండింది. గది కింది అంతస్తులోనే ఇచ్చారు. హిస్టరీ బ్యాక్‌లాగ్ రోజున ఆటో ఆయన కూతురే రాసింది. నాలుగు గంటలు. బయటికొచ్చాక ఇద్దరూ బండి దగ్గర సోడా తాగుతూ తప్పులు లెక్కపెట్టుకున్నారు. "అసఫ్‌జాహీ అని నాలుగుసార్లు తప్పు రాసింది మామూ, నాలుగుసార్లూ దిద్దించాను" అంది మా పిల్ల. ఆ పిల్ల, "ఈమె చాలా స్పీడుగా చెప్తుంది మామూ, నా చెయ్యి పోయింది" అని వేళ్లు చూపించింది.

ఇది రాస్తున్నానంటే తను, "నా పేరు పెట్టు మామూ, ఫోటో కూడా పెట్టు" అంది. ఆపా వంటింట్లోంచి "నక్కో" అని ఒక్కటే మాట అంది. ఆ నక్కో వెనక ఏముందో నాకు తెలుసు. రిష్తా మాట నడుస్తోంది. వచ్చినవాళ్లకు కళ్ల సంగతి చెప్పాలా వద్దా అని ఇంట్లో రోజూ గొడవే. చెప్పి తీరాలని పిల్ల, నికాహ్ అయ్యాక చూద్దామని ఆపా. నేను పిల్ల పక్కనే ఉన్నాను. కానీ పేరు మాత్రం రాయలేదు, ఆపా మాట కాదనలేక.

వచ్చే సెమిస్టర్ దరఖాస్తు తనే ఫోన్‌లో టైపు చేసుకుంది, తెలుగులో, యూనికోడ్‌లో. నిన్న కాలేజీకి ఒక్కతే పోయి ఇచ్చొచ్చింది. నకలు మీద ముద్ర సగమే పడిందని చెయ్యి పెట్టి తడిమి చూసి, గేటు దాకా వచ్చినదల్లా మళ్లీ లోపలికి పోయి పూర్తిగా కొట్టించుకుందట.